మాజీ వాయుసైనికుణ్ణి ఫ్లైట్ సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టేముందు

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వాయుసేన మిగ్-21 యుద్ధ విమానానికి వీడ్కోలు చెప్పారు. 1963లో వచ్చిన విమానం, అరవై రెండేళ్ళు ఎగిరింది. ఆ వేడుక టీవీలో వచ్చిన దగ్గర్నుంచి సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్ వైపు ఇళ్ళ నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. "నాన్నగారు ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేదండీ. కంప్యూటర్లో ఆ విమానం నడిపే ఆట ఉందట కదా, పెట్టించి ఇస్తే సంతోషిస్తారా?" అని పిల్లలు అడుగుతున్నారు. సంతోషిస్తారనే చెబుతున్నాను. అయితే ఎలా పెడతారన్న దాని మీదే అంతా ఉంది. ఒకే ఆట ఒక ఇంట్లో పెద్దాయన్ని గంటసేపు మాట్లాడించింది, ఇంకో ఇంట్లో రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది.

నేను తెనాలి దగ్గర పల్లెటూరి వాణ్ణి. వాయుసేనలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం మిగ్-21 డయల్స్ వెనకే గడిపాను. రిటైరయ్యాక సికింద్రాబాద్‌లో స్థిరపడి, ఇలాంటి ఆటకి కుర్చీ, స్టిక్, తెర కలిపి సిమ్యులేటర్ సెట్లు కట్టిపెట్టడం మొదలుపెట్టాను. డబ్బు కోసం చేసే పని కాదు ఇది. మా వాళ్ళ చేతులు మళ్ళీ ఆ స్విచ్‌ల మీద పడుతుంటే చూడటం నాకు ఇష్టం. ఇళ్ళల్లో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: యుద్ధం చూసినవాళ్ళు సిమ్యులేటర్లో ముందు వెతికేది యుద్ధాన్ని కాదు, విమానాన్ని. ముందు విమానం చేతికివ్వండి. యుద్ధం తలుపు తియ్యాలో వద్దో ఆయన ఇష్టానికి వదిలెయ్యండి. కింద రాసిన పద్ధతి అంతా దీని కోసమే.

కొనకముందు అడగాల్సినవి

ఏ విమానం మీద చేశారు, ఏ స్క్వాడ్రన్, ఏ ట్రేడ్ — ఈ మూడూ ఆయన్నే అడగండి. చాలా ఇళ్ళల్లో "నాన్న ఎయిర్‌ఫోర్స్" అన్నంత వరకే తెలుసు. పైలటా, ఆర్మమెంట్ ఫిట్టరా, రాడార్ ఆపరేటరా తెలియదు. అది తెలియకుండా కొన్న జాయ్‌స్టిక్ అల్మరా ఎక్కుతుంది.

ఎంతమందిని పడగొట్టారు, ఎన్ని బాంబులు వేశారు అని మాత్రం అడగొద్దు. మనవలకి ఈ మాట ముందే గట్టిగా చెప్పి ఉంచండి, ఎందుకంటే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆయన పక్కన లేనప్పుడు అమ్మగారిని అడగండి. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తారా? ఏడాదిలో ఏ రోజుల్లో మాట తగ్గిస్తారు? 1971 యుద్ధం వాళ్ళకి డిసెంబర్ మొదటి రెండు వారాలు అలాంటివి. కార్గిల్ వాళ్ళకి మే ఆఖరు వారం. 1999 మే 27న ఒక మిగ్-21, ఒక మిగ్-27, మర్నాడు ఒక ఎంఐ-17 హెలికాప్టర్ పోయాయి. ఆ తేదీల్లో కొత్త సెట్టు బిగించి "రండి, ఎగురుదాం" అనడం పద్ధతి కాదు. పండక్కో పుట్టినరోజుకో పెట్టుకోండి.

ఆరోగ్యం సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. రక్తపోటు, గుండె, మెడ నరాలు, శుక్లాల ఆపరేషన్, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నవి. ఫిట్స్ వచ్చిన మనిషైతే డాక్టర్ని అడగకుండా మెరిసే తెర ముందు కూర్చోబెట్టకండి.

కుర్చీ, స్టిక్, పెడల్స్

చక్రాల కుర్చీ పనికిరాదు. రడ్డర్ పెడల్ (విమానం ముక్కుని పక్కకి తిప్పేది) తొక్కగానే కుర్చీ వెనక్కి జారుతుంది, డెబ్భై ఐదేళ్ళ మనిషి దానితోపాటు జారతాడు. గట్టి డైనింగ్ కుర్చీ వెయ్యండి. పెడల్స్ కింద రబ్బరు చాప పరిచి, వాటి వెనక భాగం గోడకో బల్ల కాలికో ఆనేలా పెట్టండి.

కుర్చీని తలుపుకి వీపు పెట్టి వెయ్యకండి. గదిలోకి ఎవరొస్తున్నారో కంటి చివరన కనిపించాలి. ఇది చాలామంది మాజీ సైనికులకి అవసరం, అడిగితే మాత్రం చెప్పరు.

పాత యుద్ధ విమానాల్లో స్టిక్, అంటే విమానాన్ని నడిపే కర్ర, రెండు మోకాళ్ళ మధ్య ఉంటుంది. బజార్లో దొరికే జాయ్‌స్టిక్‌ని బల్ల మీద కుడి పక్కన పెడితే పైలట్‌కి అది చేతికి అతకదు. వడ్రంగి చేత ఒక చిన్న పలక చేయించి కుర్చీ ముందు భాగానికి బిగిస్తే స్టిక్ మధ్యలోకి వస్తుంది. థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే పిడి) ఎడమ వైపు, మోచెయ్యి వంగే ఎత్తులో ఉండాలి. థ్రాటిల్ విడిగా లేని చవక జాయ్‌స్టిక్ కొనేకంటే కొన్నాళ్ళు ఆగి కొనడం మేలు. ఏళ్ళ తరబడి ఎడమ చేత్తో ఇంజిన్ పట్టుకున్న మనిషికి ఆ చెయ్యి ఖాళీగా ఉంటే ఏమీ తోచదు.

ఇంకొక మాట. అసలు మిగ్ స్టిక్ పొడుగ్గా ఉంటుంది, చాలా దూరం కదులుతుంది, బరువుగా ఉంటుంది. ఈ జాయ్‌స్టిక్ అరచేతిలో ఆడుతుంది. అందుకే పాత పైలట్లు మొదటి నిమిషంలో విమానాన్ని పైకీ కిందకీ ఊపేస్తారు, "ఇదేమిటి ఇంత తొందరగా కదులుతోంది" అని చిరాకుపడతారు. చాలామంది అక్కడే స్టిక్ వదిలేస్తారు. ఆట సెట్టింగ్స్‌లో యాక్సిస్ ట్యూన్ తెరిచి కర్వేచర్ 20 దాకా పెంచండి. చెయ్యి వణికేవాళ్ళకి డెడ్ జోన్ (చిన్న కదలికల్ని లెక్కచెయ్యని మధ్యభాగం) 4, 5 పెట్టండి. మధ్యలో మెత్తబడుతుంది, చివర్లో పూర్తి కదలిక ఉంటుంది. ఈ పని ఆయన రాకముందే చెయ్యండి.

తెర 32 అంగుళాలకి తగ్గకుండా, మధ్యభాగం కంటి ఎత్తులో, సుమారు మూడడుగుల దూరంలో ఉండాలి. రెండు భాగాల కళ్ళద్దాలు వాడేవారికి ఆ దూరం పైభాగంలోనూ కిందిభాగంలోనూ సరిగ్గా కనిపించదు. డయల్ చదవడానికి గడ్డం పైకెత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది. ఆ దూరానికి విడిగా ఒక జత రాయించడం ఖర్చు పెట్టదగ్గ పని.

హెడ్‌ఫోన్స్ మొదటి రోజే పెట్టకండి. విమానాలు నిలిపే ఫ్లైట్ లైన్‌లో ఏళ్ళ తరబడి జెట్ ఇంజిన్ల పక్కన నిలబడ్డ చెవులవి, సన్నటి శబ్దాలు వినపడవు. వినపడక శబ్దం పెంచమంటారు. స్పీకర్లు పెట్టి, తక్కువ శబ్దంతో మొదలుపెట్టి, రేడియో మాటలు తెర మీద అక్షరాల్లో కనిపించేలా పెట్టండి.

ఏ ప్రోగ్రామ్, ఏ విమానం

మిగ్-21 మీద చేసినవారికి డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్ ప్రోగ్రామ్. ప్రోగ్రామ్ ఉచితం, దాంతో వచ్చే కాకసస్ మ్యాప్ ఉచితం, మిగ్-21 బిస్ మాత్రం కొనాలి. కంప్యూటర్‌కి కనీసం 16 జీబీ ర్యామ్ కావాలి, 32 ఉంటే హాయి. ఎస్‌ఎస్‌డీ మీద రెండు మూడొందల జీబీ ఖాళీ ఉంచుకోండి. కాక్‌పిట్ రాతలు రష్యన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ఇంగ్లీషు ఎంచుకోండి.

1971లో ఎగిరింది మిగ్-21 ఎఫ్‌ఎల్, మా భాషలో టైప్ 77. ప్రోగ్రామ్‌లో ఉన్నది దాని తర్వాత వచ్చిన బిస్. తేడాలు పెద్దాయన చూడగానే పట్టేస్తారు. టైప్ 77 కానపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) ముందుకి తెరుచుకునేది, బిస్‌ది పక్కకి తెరుచుకుంటుంది. ఎఫ్‌ఎల్ లోపల తుపాకీ ఉండేది కాదు, పొట్ట కింద గన్ పాడ్ తగిలించేవాళ్ళు. బిస్‌లో తుపాకీ లోపలే ఉంది. "ఇది మాది కాదు" అని ఆయన అంటే వాదించకండి. "మీదాంట్లో ఎలా ఉండేది సార్?" అని అడగండి. ఆ రోజు పని సగం అక్కడే అయిపోతుంది.

హంటర్, గ్నాట్, కాన్‌బెరా లాంటి పాత విమానాల వాళ్ళకి అచ్చంగా వాళ్ళ విమానమే వెతికిపెట్టాలని తంటాలు పడనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ప్రపంచమంతా ఉపగ్రహ చిత్రాలతో ఉంది. బేగంపేట రన్‌వే మీద ఒక సెస్నా 172 అనే చిన్న విమానం నిలబెట్టి ఇవ్వండి. హకీంపేటలో వాంపైర్ల మీద జెట్ శిక్షణ పొందిన తరం వాళ్ళకి ఈ ఆకాశం బాగా తెలుసు. తూర్పుకి లేస్తే కుడి చేతి వైపు హుస్సేన్ సాగర్. నేను సెట్టు పెట్టిన ఇంట్లో హంటర్ పైలట్ ఒకాయన, ఎనభై దాటినవారు, ఆ చిన్న సెస్నాలోనే ఒక సర్క్యూట్ (రన్‌వే చుట్టూ ఒక చుట్టు) తిరిగారు. డౌన్‌విండ్‌లోకి, అంటే రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్ళే భాగంలోకి, రాగానే ఎవరూ అడక్కుండా రేడియో కాల్ పైకి చెప్పారు, వీల్స్ చూసుకున్నట్టు చెయ్యి కిందికి వెళ్ళింది. ఆ విమానానికి చక్రాలు లోపలికి ముడుచుకోవు. చెయ్యి మాత్రం తన పని తాను చేసింది.

హంటర్‌లో వేగం నాట్లలో, ఎత్తు అడుగుల్లో చూసేవారు. మిగ్‌లో కిలోమీటర్లు, మీటర్లు. తెర మీద వచ్చే అంకెలని ఆయన వాడిన కొలతలకి మార్చి ఉంచండి.

మొదటి సార్టీ (ఒకసారి ఎగిరి దిగడం)

డీసీఎస్ తెరవగానే ఇన్‌స్టంట్ యాక్షన్ అని ఊరిస్తుంది. దాని జోలికి పోవద్దు, అందులో చాలావరకు నొక్కగానే ఆకాశంలో శత్రువు ముందు ఉంటారు. మిషన్ ఎడిటర్‌లో మీరే ఒకటి తయారుచెయ్యండి. కాకసస్ మ్యాప్‌లో బటూమి విమానాశ్రయం గానీ కోబులేతి గానీ, మధ్యాహ్నం, మబ్బుల్లేని ఆకాశం, గాలి లేదు, ఆయుధాలు లేవు, ఇంకో విమానం లేదు. ఇంజిన్ ఆపి ఉన్న విమానం, చల్లగా, పార్కింగ్‌లో.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మౌస్, కీబోర్డు మీ దగ్గర ఉంచుకుని ఆయన కుడి పక్కన కూర్చోండి. చిన్న బాణం గుర్తుతో స్విచ్ వెతికే పని ఆయనకి ఇవ్వొద్దు. ఆయన చెబుతారు, మీరు నొక్కుతారు. బ్యాటరీ. డీసీ జనరేటర్. ఏసీ జనరేటర్. పీఓ-750 ఇన్వర్టర్లు, ఒకటి, రెండు. ఫ్యూయల్ పంపులు వరసగా. ఏపీయూ. థ్రాటిల్ లాక్ తీసి స్టార్ట్ బటన్. మీకు వరస తెలిసినా తెలియనట్టు ఉండండి, ఆయన్ని చెప్పనివ్వండి. ఇన్వర్టర్ కూత మొదలవగానే మొహం ఎలా మారుతుందో మీకే కనిపిస్తుంది. కొందరి ఎడమ చెయ్యి గాలిలోకి లేచి లేని స్విచ్‌ని వెతుక్కుంటుంది. మధ్యలో మర్చిపోతే అందివ్వకండి, కాసేపు ఆగండి. చేతికి గుర్తున్నది నోటికి రావడానికి కొంచెం టైం పడుతుంది.

సిమ్యులేటర్ అంటే వీళ్ళకి కొత్త కాదు. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో తన కుటుంబం నడిపే ఆర్గన్ వాద్యాల కర్మాగారంలోని గాలితిత్తులతో పైలట్ శిక్షణ పెట్టె కట్టాడు. దాన్నే లింక్ ట్రైనర్ అన్నారు. మూత వేసుకుని, బయట ఏమీ కనిపించకుండా డయల్స్ చూసి నడపడం అందులో నేర్చుకునేవారు. పాత తరం పైలట్లు మీ సెట్టుని దానితోనే పోల్చి చూస్తారు. కాబట్టి బొమ్మల అందం గురించి గొప్పలు చెప్పకండి. హోరిజాన్ డయల్ సరిగ్గా తిరుగుతోందా, ఇంజిన్ తిరిగే వేగం చూపే టాకోమీటర్ ముల్లు ఇంజిన్ చప్పుడుతో కలిసి లేస్తోందా, వాళ్ళ చూపు అక్కడ ఉంటుంది.

టాక్సీ చేసేటప్పుడు మిగ్ బ్రేకు స్టిక్ మీదున్న లివర్‌కి ఉంటుంది, పెడల్స్‌తో ఎటు కావాలో అటు పనిచేస్తుంది. జాయ్‌స్టిక్ మీద వేలికి అందే బటన్‌కి దాన్ని ముందే కేటాయించండి. ఇది తప్పితే పైలట్ టార్మాక్ మీదే గుండ్రంగా తిరుగుతారు, ఆయనకి అవమానంగా ఉంటుంది.

టేకాఫ్, ఒక సర్క్యూట్, లాండింగ్. అంతే, ఇరవై నిమిషాలు. లాండింగ్‌లో మెడ తిప్పి రన్‌వే కోసం వెనక్కి చూస్తారు, తెర మాత్రం ముందుకే చూస్తూ ఉంటుంది. తల కదలికని కనిపెట్టే చిన్న పరికరం, కళ్ళద్దాలకో టోపీకో తగిలించేది, ఉంటే ఈ ఇబ్బంది పోతుంది. లేకపోతే ఆయన "ఎడమ" అనగానే మీరు చూపు ఎడమకి తిప్పండి.

నేలకి గుద్దుకునేలా ఉంటే చివరి క్షణం దాకా ఆగకుండా పాజ్ నొక్కండి. మంటలు, పేలుడు తెర నిండా రానివ్వకండి. మిగ్-21 మీద పనిచేసిన మాలో తెలిసినవాళ్ళని పోగొట్టుకోని మనిషి దాదాపు ఉండడు. యుద్ధంలో కాదు, మామూలు రోజున, శిక్షణలో పోయినవాళ్ళే ఎక్కువ. పొద్దున్న నా చేత్తో ఆల్టీమీటర్ సరిచూసి పంపిన విమానం మధ్యాహ్నానికి తిరిగిరాకపోతే హ్యాంగర్‌లో ఎవరూ మాట్లాడుకోరు. దాన్ని ఆటగా చూపించకూడదు.

జీ ఎఫెక్ట్స్ అనే ఎంపిక గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను. గట్టిగా మలుపు తీసుకుంటే తెర మసకబారి నల్లబడుతుంది, పైలట్ తలలోంచి రక్తం కిందికి దిగినట్టు. అది చూడగానే పాత ఫైటర్ పైలట్లు తెలియకుండానే పొట్ట బిగబట్టి, తొడలు బిగించి, ఊపిరి ఆపి మూలుగుతారు. శరీరం మీద ఏ భారమూ లేకపోయినా ఇది జరుగుతుంది. రక్తపోటు ఉన్నవారికి అలా ఊపిరి బిగబట్టడం మంచిది కాదు. వాళ్ళ సెట్టులో దాన్ని పూర్తిగా తీసెయ్యండి.

గ్రౌండ్ క్రూ అయితే

నేల మీద విమానాల్ని సిద్ధం చేసే వీళ్ళని ఇంటి పిల్లలు పట్టించుకోరు, ఎందుకంటే ఆటలన్నీ పైలట్ కోసమే కట్టారు. కానీ ఒక పైలట్ వెనక ఎంతో మంది ఎయిర్‌మెన్ ఉంటారు, మన తెలుగు జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళలో ఆ ఉద్యోగాలు చేసినవాళ్ళే ఎక్కువమంది నాకు తెలుసు. వాళ్ళని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి ఎగరమంటే ఇబ్బందిపడతారు.

ఎఫ్2 నొక్కండి. విమానం బయటి నుంచి కనిపిస్తుంది. మౌస్‌తో దాని చుట్టూ మెల్లగా తిప్పండి, మనిషి నడిచినట్టు, ముక్కు నుంచి మొదలుపెట్టి. ఒక ఆర్మమెంట్ ఫిట్టర్, డెబ్భై ఏడేళ్ళవాడు, కాక్‌పిట్ వద్దన్నాడు. రెక్క కింద ఆయుధాలు తగిలించే పైలాన్ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. అక్కడ ఆపించి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, చలికాలం రాత్రి విమానాన్ని దాచి ఉంచే బ్లాస్ట్ పెన్‌లో టార్చి వెలుగులో రాకెట్లు ఎలా ఎక్కించేవారో, వేళ్ళు ఇనుముకి ఎలా అంటుకునేవో చెప్పాడు. అతని కొడుకు యాభై ఏళ్ళవాడు, అదే మొదటిసారి వినడం.

లాండింగ్ తర్వాత టెయిల్ చ్యూట్ (వేగం తగ్గించడానికి తోక దగ్గర విచ్చుకునే పారాచూట్) విప్పి చూపించండి. ఆ గుడ్డ తెచ్చి, ఆరబెట్టి, మడిచి మళ్ళీ కుక్కిన చేతులకి అది ముఖ్యమైన దృశ్యం.

వీఆర్ సంగతి

మొహానికి తగిలించుకునే వీఆర్ పెట్టె కొని ఇద్దామని అమెరికాలో ఉన్న పిల్లలు ఉత్సాహపడతారు. మొదటి నెలల్లో వద్దు. కళ్ళు కదులుతున్నామంటాయి, చెవి లోపలి సమతూకపు గొట్టాలు కూర్చునే ఉన్నామంటాయి, ఆ తగాదాలో కడుపు తిప్పుతుంది. అనుభవమున్న పైలట్‌కి ఇది తక్కువుంటుందని అందరూ అనుకుంటారు. 1950ల చివర్లో అమెరికన్ నౌకాదళపు హెలికాప్టర్ సిమ్యులేటర్ మీద చూసినప్పుడు దానికి తలకిందులుగా తేలింది: విద్యార్థుల కంటే ఇన్‌స్ట్రక్టర్లకే ఎక్కువ తిప్పింది. నిజమైన విమానం ఎలా ఊపుతుందో ఒంటికి ఎంత బాగా తెలిస్తే, ఊపు లేకపోవడం అంత గట్టిగా తగులుతుంది. పైగా మెడ మీద బరువు, గది కనిపించకపోవడం, తీసి లేవగానే తూలిపడటం. ఎవరైనా పట్టుబట్టి అడిగితే ఐదు నిమిషాలు, పక్కన మనిషి ఉండి.

ఆయుధాలు ఆయన అడిగితే

అడుగుతారు కొందరు. అడిగితే ఇవ్వండి, దాచకండి. నేల మీద పాత ట్యాంకు బొమ్మ ఒకటి పెట్టండి. 1971లో రాజస్థాన్‌లోని లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల మీద హంటర్లు చేసిన పని గురించి వినే ఉంటారు. ఆ తరం వాళ్ళు ఇలాంటి సార్టీని చాలా నెమ్మదిగా, లెక్కగా చేస్తారు. డైవ్ కోణం ఎంత, సైట్ ఎక్కడ పెట్టాలి, ఏ ఎత్తులో లాగెయ్యాలి, ఇదే మాట్లాడతారు. తగిలినప్పుడు చప్పట్లు కొట్టకండి. కేకలు వెయ్యకండి. ఆయన ఏమన్నా అంటే వినండి, అనకపోతే తర్వాతి మలుపు దాకా ఊరుకోండి.

ఎదుటి విమానానికి పాకిస్తాన్ రంగులు వేసి "తాతయ్యా, కాల్చు" అనడం మనవలకి సరదా. డీసీఎస్‌లో అప్పట్లో పాకిస్తాన్ వాడిన ఎఫ్-86 సేబర్ కూడా దొరుకుతుంది కాబట్టి ఇది సులువుగా చెయ్యొచ్చు. ఆయన కోరకుండా చెయ్యకండి. నేను పైన చెప్పిన హంటర్ పైలట్ కొన్ని వారాల తర్వాత సేబర్ ఉందా అని అడిగారు. ఎదురుగా పెట్టాలేమో అనుకున్నాను. కాదు, దాని కాక్‌పిట్‌లో కూర్చుంటానన్నారు. కూర్చుని, తల వెనక్కి తిప్పించి, బుడగలా ఉన్న ఆ కానపీలోంచి రెండు వైపులా చూశారు. "వెనక్కి ఇంత బాగా కనిపించేదా వాళ్ళకి" అన్నారు. ఆ రోజు కాల్చలేదు, ఎగిరి దిగారంతే. అవతలి మనిషి కిటికీలోంచి ఒకసారి చూడాలన్న కోరిక ఆయనకి ఎన్నాళ్ళ నుంచి ఉందో నేను అడగలేదు. సిమ్యులేటర్ ఒక మాజీ సైనికుడికి ఇవ్వగల వాటిలో ఇంతకంటే విలువైనది నేను చూడలేదు.

లేచి వెళ్ళిపోతే

ఎంత జాగ్రత్తగా పెట్టినా కొందరు మధ్యలో స్టిక్ వదిలి లేచి వెళ్తారు. శ్రీలంకలో 1987లో తుపాకుల మధ్య దిగిన ఎంఐ-8 హెలికాప్టర్లలో పనిచేసినవాళ్ళకి ఆ రెక్కల చప్పుడే చాలు. వెంటపడి "ఏమైంది నాన్నా" అనకండి. శబ్దం తగ్గించి, తెర ఆపి, కాసేపాగి మంచినీళ్ళో టీనో పట్టుకెళ్ళి పక్కన కూర్చోండి. మాట్లాడటం ఆయన ఇష్టం. ఆ సెట్టు గదిలోంచి తియ్యకండి, మళ్ళీ రమ్మని పిలవకండి. ఆయనే వస్తే సరి, రాకపోయినా సరే.

ఈ యంత్రాలతో వైద్యం కూడా చేస్తారు, అది నిజం. 1997 నుంచి అట్లాంటాలో ఎమరీ విశ్వవిద్యాలయపు బార్బరా రాత్‌బామ్, జార్జియా టెక్‌కి చెందిన ల్యారీ హాడ్జెస్ బృందం వియత్నాం మాజీ సైనికులకి హ్యూయీ హెలికాప్టర్ ప్రయాణాన్ని, అడవి మధ్య ఖాళీ స్థలాన్ని కంప్యూటర్‌లో కల్పించి, పక్కన నిపుణులు కూర్చుని, మెట్టు మెట్టుగా ఆ జ్ఞాపకాల్లోకి తీసుకెళ్ళారు. తర్వాత ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవారి కోసం దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్కిప్ రిజ్జో బృందం అలాంటిదే కట్టింది. దీన్ని చూసి, ఇంట్లో శబ్దం పెంచి పెట్టేస్తే భయం పోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఆ పనికి ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషి కావాలి. ఆట ఆడిన తర్వాత వరసగా నిద్ర లేకపోవడం, చిన్న చప్పుడికి అదిరిపడటం, అన్నం మానేయడం కనిపిస్తే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో చూపించండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. సైన్యం వారి కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబర్ నుంచి టెలీ మానస్ ప్రత్యేక విభాగం కూడా ఉంది.

స్నాగ్ పుస్తకం

ప్రతి యుద్ధ విమానానికీ ఫారం 700 అనే రికార్డు పుస్తకం ఉంటుంది. ఎగిరి వచ్చిన పైలట్ అందులో స్నాగ్, అంటే కనిపించిన లోపం, రాస్తాడు, ఆ ట్రేడ్ ఫిట్టర్ సరిచేసి సంతకం పెడతాడు, తర్వాత ఎగరబోయే పైలట్ చదివి సంతకం పెట్టి ఎక్కుతాడు. ఒక గీతల నోటుపుస్తకం కొని సెట్టు పక్కన పెన్నుతో సహా పెట్టండి. పెద్దాయన సార్టీ అయ్యాక అందులో రాయాలి: స్టిక్ బిగువు చాలదు, బ్రేకు ఎడమకి లాగుతోంది, రీహీట్ (ఇంజిన్ వెనక అదనపు మంట) చప్పుడు ఇలా ఉండదు, కుర్చీ ఎత్తు తక్కువ. ఒళ్ళు చెప్పే మాటలు కూడా రాస్తారు. వీపుకి సీటు తన్నినట్టు లేదు, ఏటీఎఫ్ (విమాన ఇంధనం) వాసన లేదు, చెమట లేదు. అవి సరిచెయ్యలేరు, అయినా "చూశాను" అని పక్కన రాయండి. మిగతావి వచ్చే ఆదివారానికి సరిచేసి, ఏం చేశారో రాసి మీ సంతకం పెట్టండి.

ఈ పుస్తకం పెట్టిన ఇళ్ళల్లో సెట్టు మూలన పడలేదు. తనకి చూపించిన ఆటగా కాక, తాను చూసుకోవాల్సిన విమానంగా మారిపోతుంది అది. నాలుగైదు పేజీలయ్యాక స్నాగ్‌ల మధ్య వేరే మాటలు రావడం మొదలవుతుంది, ఒక పేరు, ఒక ఊరు, ఒక తేదీ. వాటిని ఫోన్లో ఫొటో తీసి బంధువుల గ్రూపుల్లో పెట్టకండి. ఆయన్ని అడిగి, సరే అంటేనే దాచుకోండి.

వీలైతే రెండో వారం నుంచి ఆయన పాత స్నేహితుణ్ణి ఒకరిని పిలవండి. ఒకరు కాక్‌పిట్‌లో, ఒకరు పక్క కుర్చీలో ఏటీసీగా, అంటే రేడియోలో దారి చెప్పే కంట్రోలర్‌గా. ఇద్దరూ మిమ్మల్ని మర్చిపోతారు, అలా మర్చిపోవాలి కూడా. స్నాగ్ ఎవరు రాసినా పుస్తకం ఒకటే ఉంచండి. వచ్చే సార్టీకి ముందు అది తెరిచి చేతికివ్వండి, ఆయన చదివి సంతకం పెట్టాకే బ్యాటరీ స్విచ్ నొక్కండి.